రెక్కలోడు దూకిన చప్పుడు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అక్క కూతురు రేవతి తన ఫోను తెచ్చి నా ఎడమచేతిలో పెట్టి, "మామా, నీ కాలంది ఒకటి దొరికింది, చూడు," అంది. నా కాలంది అనగానే ఏ రాతిగొడ్డలి బొమ్మో అనుకున్నాను. అప్పుడు నేను అరవదేశంలోని ధర్మపురిలో మా ఇంటి వంటింట్లో నేలమీద కూర్చుని రాగిముద్దతో కుస్తీ పడుతున్నాను. మా అమ్మ చేసే ముద్ద పైకి శాంతంగా కనిపిస్తుంది, వేలు పెడితే లోపల అగ్నిపర్వతం ఉంటుంది. ఆ ముద్ద తిని పెరిగినవాళ్ళకు వేలిముద్రలు ఉండవని నేను చాలా పత్రికల్లో రాశాను. మా ఇంట్లో తెలుగు లిపి చదవగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి ఇంతవరకు ఎవరూ ఖండించలేదు.

ఫోనులో నారింజరంగు ఆకాశం, దానికింద నల్లటి పట్నం, ఒక మేడ కొసన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మనిషి. వీపున రేకు రెక్కలు. నా చేతిలోని ముద్ద చారులోకి జారిపోయింది. రేవతి సేలంలో కంప్యూటరు చదువుతోంది. పాత ఆటలన్నీ ఇప్పుడు ఫోనులో వస్తాయట. నేను దాన్ని తాకలేదు. తాకాలని అనిపించలేదు కూడా. కాసేపటికి ఆ రెక్కల మనిషి తనంతట తానే కదిలాడు. మేడమీద పరిగెత్తాడు, ఒక సందు దూకాడు, మళ్ళీ పరిగెత్తాడు.

"ఎవరే ఆడేది?" అన్నాను.

"ఎవురూ లేదు మామా. ఇది డెమో. ఎవురూ తాకకుంటే చుమ్మా, ఊరికే అదే పరిగెత్తుతుంది," అంది రేవతి, నా ముసలితనాన్ని ఓదారుస్తున్నట్టు.

పొయ్యి దగ్గర మా అమ్మ గరిటె కింద పెట్టింది. లేచి వచ్చి నా భుజం మీదుగా ఫోనులోకి వంగి చూసింది. "ఎవురూ తాకకుంటేనే పరిగెత్తుతుందా?" అంది. పెద్దల అమావాస్య ఇంకా మూడు రోజులుంది. ఆ మాటకు నేను జవాబు చెప్పడానికి ముందు మా చిన్నాయన సంగతి చెప్పాలి. చెప్పకపోతే మా అమ్మ ముఖంలో రంగు ఎందుకు మారిందో మీకు అర్థం కాదు.

మా తాతది పాత్రల కొట్టు. బజారు వైపు కొట్టు, వెనకవైపు ఇల్లు, రెండింటికీ నడుమ ఒక సన్నటి నడవ. పెళ్ళిళ్ళ రోజుల్లో సరుకు కొట్టు దాటి నడవలోకి, నడవ దాటి ఇంట్లోకి, ఇల్లు దాటి మంచాల కిందికి పాకేది. మా ఇంట్లో మనుషులు ఏడుగురు, చెంబులు ఎనిమిది వేలు. ఈ లెక్కలో మనుషుల సంఖ్య మాత్రం నిజం. పొద్దున లేస్తే చింతపండు పులుపు, ఇటుకపొడి మట్టివాసన, వాటిమీద తేలుతూ తాత నశ్యం ఘాటు. మామిడికాయల కాలంలో పాపారపట్టి వైపు నుంచి వచ్చే బళ్ళ వాసన కూడా వీటిలో కలిసేది. అప్పుడు మాత్రం మా ఇత్తడి బిందెలు కూడా మాగుతున్నాయేమో అనిపించేది. అవ్వ పెరట్లో కూర్చుని కొబ్బరిపీచుతో బిందెలు తోమితే ఎదురింటివాళ్ళు కళ్ళు మూసుకోవలసి వచ్చేదని చెప్పగలను గాని, ఎదురిల్లు లేదు, గోడౌను ఉండేది.

తాతకు కళ్ళు అంతంతమాత్రం, చెవులు మాత్రం అసాధ్యం. పాత్ర కొనేటప్పుడు ఆయన దాన్ని చూడడు. ఎడమ అరచేతిలో నిలబెట్టి కుడిచేతి నడిమివేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంటాడు. "పగులుంది," అంటాడు. లేదా "అతుకుంది," అంటాడు. లేదా ఏమీ అనకుండా పక్కన పెడతాడు, అంటే మంచిదని. పాపిరెడ్డిపట్టి నుంచి పెళ్ళిపాత్రలకు వచ్చినవాళ్ళు ఆయన వేలు మోగించనిది ముట్టేవాళ్ళు కారు. ఇంట్లో ఎక్కడ ఏది పడినా, పడుకున్నచోటి నుంచే "గుండుచెంబు, మూతి నొక్కుకుంది," అనేవాడు. వెళ్ళి చూస్తే గుండుచెంబే, మూతే. మా ఇంట్లో నిజానికి ఇంకో సాక్ష్యం అవసరం ఉండేది కాదు. తాత విన్నాడంటే విన్నట్టే. నేను పుట్టగానే ఏడిస్తే, ఆ ఏడుపు విని "వీడిలో కల్తీ ఉండాది," అన్నాడని మా అక్క చెబుతుంది. మా అక్కకు అప్పటికి మూడేళ్ళు. పెద్దది చేసి చెప్పే గుణం మా వంశంలో నా ఒక్కడిదే కాదన్నమాట.

మా నాయన తమ్ముడు దామోదరం. మాకు చిన్నాయన, అవ్వకు దాము. ఇరవై నాలుగేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. స్టీలు సామాను కోసం వారానికోసారి బెంగుళూరు పోయివచ్చేవాడు. ఆ రోజుల్లో మా ఊరి టాకీసుకు రెక్కల మనిషి సినిమా అరవంలో మాట్లాడుతూ వచ్చింది. నల్లటి పట్నం, పగలంతా గడియారాలు బాగుచేసుకునే ఒక మెతక మనిషి, ఎవరికైనా ఆపద వస్తే రేకు రెక్కలు తగిలించుకుని మేడల మీద పరిగెత్తుతాడు. చిన్నాయన దాన్ని ఏడుసార్లు చూశాడు. ఆయన చెప్పుకున్నది మూడుసార్లు, మిగతా నాలుగూ నేను కలిపినవి. తర్వాత ఒక శుక్రవారం బెంగుళూరు నుంచి వచ్చిన టిఫిను డబ్బాల మూటలో ఒక వీడియో గేమ్ పెట్టె, ఒక క్యాసెట్టు దిగాయి. క్యాసెట్టు మీద అదే మనిషి, అవే రెక్కలు.

తాత ఆ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. "ఇత్తడి కాదు. పూత," అని తీర్పు చెప్పి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆ ఆటను ఆయన చూడలేదు, చూడనని కూడా అన్నాడు. అయితే చిన్నాయన ఆడుతున్నంతసేపూ నడిమింట్లోంచి అటూ ఇటూ పోతూనే ఉండేవాడు. ఒకసారి గొడుగు కోసం, ఒకసారి కళ్ళద్దాల కోసం. ఎండాకాలంలో గొడుగు కోసం నాలుగుసార్లు వచ్చిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

టీవీ నడిమింట్లో, దేవుడి అలమారు పక్కన. ప్లగ్గు అక్కడ మాత్రమే ఉంది. ఆట చాలా సులువు, అంటే చెప్పడానికి. మేడల మీద పరిగెత్తాలి, సందు వస్తే మీట నొక్కాలి, నొక్కితే రెక్కలు తెరుచుకుని మనిషి ఎగురుతాడు. ఎగిరినప్పుడల్లా ఒక చప్పుడు. ఖాళీ ఇత్తడి బిందెలో నిమ్మకాయ వేస్తే వస్తుందే, టుంయ్‌మని, అలాంటిది. రెండో సందు దగ్గర అవతలి మేడమీద నీళ్ళ ట్యాంకు ఒకటి ఉంటుంది. దాని మీదికి ఎక్కాలి. చిన్నాయన అక్కడ పడిపోయేవాడు. ఆడిన ప్రతిసారీ అక్కడే. మనిషి దూకితే ఈయన కూడా కుర్చీలోంచి లేచేవాడు, భుజాలు ఎగరేసేవాడు, కాలి బొటనవేళ్ళు పైకి లేచేవి, నాలుక ఎడమ బుగ్గలో ముడిచేవాడు. మనిషి పడితే ఈయన కూలబడేవాడు. అవ్వ పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేస్తూ రెక్కల మనిషికి సలహాలిచ్చేది.

"ఇప్పుడే దుముకొద్దురా రెక్కలోడా. గాలి రానీ."

"అవును, గాలొస్తే చెప్పమ్మా," అనేవాడు చిన్నాయన.

"చెప్తా ఉండు. ఆ, ఇప్పుడు పో. పాయె. నేను చెప్పినాక కూడా ఇంతసేపు ఎవురురా నిలబడేది?"

"నీ గాలి లేటమ్మా."

ఆట అయ్యాక తాత గొణుగుడుకు భయపడి చిన్నాయన వెంటనే కరెంటు తీసేసేవాడు. పెట్టెను ఒక్క నిమిషం కూడా ఊరికే వెలగనిచ్చేవాడు కాదు. ఈ వివరం పెద్దది చేసి చెప్పాలని నాకు లేదు, కానీ తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడింది.

చిన్నాయనకు జ్వరం వచ్చింది. మూడోరోజు సేలం తీసుకెళ్ళారు. నాలుగోరోజు వ్యానులో తీసుకొచ్చారు. దీనికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు, ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు రాయబోయినా ఈ మూడు వాక్యాల దగ్గరే ఆగిపోయాను.

ఆ తర్వాతి ఏడాదంతా ఇల్లు నిండా పాత్రలున్నా ఇంట్లో మోత లేదు. అవ్వ వత్తులు చేయడం మానేసింది, అమ్మ చేసేది. తాత పాత్రలు కొడుతూనే ఉన్నాడు గాని, ఒకే పాత్రను రెండుసార్లు కొట్టి వినడం అప్పుడే మొదలైంది. నాకు పదేళ్ళు. అందరూ కొట్లో, పెరట్లో ఉన్నప్పుడు నేను నడిమింట్లోకి వెళ్ళి, టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, పెట్టె వెలిగించి రెక్కల మనిషిని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆడేవాణ్ణి కాదు. ఆ మీటల మీద చిన్నాయన బొటనవేళ్ళు అరగదీసిన చోట్లు ఉండేవి, వాటిమీద నా వేళ్ళు పెట్టలేకపోయాను. అలా చేతులు కట్టుకుని చూస్తున్న ఒక రోజు ఆ మనిషి తనంతట తానే పరిగెత్తాడు. నేను గోడకు అంటుకుపోయాను. మళ్ళీ వెలిగించి చూస్తే మళ్ళీ పరిగెత్తాడు. నాలుగు రోజులు చూశాక అర్థమైంది, ఎవరూ తాకకపోతే కాసేపటికి అది అదే ఆడుకుంటుందని. మొదటి సందు దూకుతుంది, రెండో సందులో పడిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. వాడు చేతకానివాడిలా పడితే మనం రెచ్చిపోయి ఆడతామని, ఆట తయారుచేసినవాళ్ళు అలా పెట్టి ఉంటారు. ఈ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

ఏడాది నిండాక పెద్దల అమావాస్య వచ్చింది. మా ఇళ్ళలో ఆ రోజు పోయినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో అరిటాకు వేసి వడ్డిస్తారు. అన్నం, వడ, పాయసంతో పాటు ఎవరికి ఏది ఇష్టమో అది ఆకు పక్కన పెడతారు. ముత్తాతకు నశ్యం డబ్బా, జేజమ్మకు ఆకువక్క. తర్వాత దీపం పెట్టి తలుపు మూసి అందరూ బయటికి వచ్చేస్తారు, మనం చూస్తుంటే వాళ్ళు తినరు కాబట్టి. కాసేపు ఆగి ఇంటిపెద్ద తలుపు దగ్గర మూడుసార్లు దగ్గుతాడు. మేము వస్తున్నాం, లేవండి అని చెప్పడం అది. దగ్గకుండా తెరిస్తే తినేవాళ్ళు సగంలో లేచిపోతారు, ఇంకో ఏడాది ఆకలితో తిరుగుతారు. అప్పటికి మా ఇంట్లో ఐదు ఆకులు. అవ్వ ఆరోది వేసింది. తాత దాన్ని మడిచి తీసేశాడు.

"పెండ్లి కానోడు పెద్దల్లో చేరడు. ఆకు వేసేది కుదరదు," అన్నాడు.

"అయితే యాడికి పోతాడు?" అంది అవ్వ.

"నాకేమి తెలుసు యాడికి పోతాడో. ఇది నేను పెట్టిన కట్టుబాటా? మా నాయన తమ్మునికి పెట్టినారా? మా మేనత్త కొడుకుకు పెట్టినారా?"

"వాండ్ల అమ్మలు అడగలేదు. నేను అడుగుతా ఉండాను. ఐదుగురు లోపల కూచోని తింటా ఉంటే నా బిడ్డ తలుపు బయట నిలబడాలనా?"

ఆకు తాత చేతిలోనే ఉంది. అవ్వ చాలాసేపు దానివైపు చూసి, "సరి. ఆకు వద్దు. కూడు వద్దు. వాని ఆటపెట్టె ఒక్కటి పెట్టనీ," అంది.

"పెట్టుకో. దానికేమి కట్టు," అన్నాడు తాత.

అవ్వ నావైపు తిరిగింది. "మురళీ, నీకు తెలుసు గదా. వెలిగించు నాయనా."

వెలిగించాను. సౌండు చిన్నాయన పెట్టినంత పెట్టాను. రెక్కల మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, పాట మొదలైంది. కాసేపటికి అతను పరిగెత్తుతాడని నాకు తెలుసు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అందులో సగం అల్లరి, ఆ రోజే ఒప్పుకునేవాణ్ణి. మిగతా సగం అవ్వ, ఆమె కొంగుతో ఆ పెట్టె మీది దుమ్ము తుడుస్తోంది.

తలుపు మూశారు. తాత, అవ్వ, నాయన, నేను నడవలో నిలబడ్డాం. అక్క బళ్ళో ఉంది. అమ్మ కాకులకు ముద్ద పెట్టడానికి మిద్దె మీదికి వెళ్ళింది. "కా, కా," అని ఆమె పిలవడం పైనుంచి వినిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం. లోపల పాట ఒక చుట్టు అయి ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. నడవ గోడల వెంట కప్పుదాకా పేర్చిన బిందెలు మమ్మల్ని చూస్తున్నట్టు ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డామో చెప్పమంటే నేను గంట అంటాను, అందుకని చెప్పను.

అప్పుడు తలుపు వెనక, టుంయ్.

తాత చెయ్యి పైకి లేచింది. నాయన ఏదో అనబోతే, "ఉండు," అన్నాడు. తల ఒకవైపు వంచి, చెవి తలుపుకేసి పెట్టి, పాత్రను వినేటట్టు విన్నాడు. ఆ చప్పుడు బిందెది కాదని ఆయనకు చెప్పనవసరం లేదు. ఇంట్లో ఉన్న ప్రతి బిందె గొంతూ ఆయనకు తెలుసు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత దగ్గాడు. ఎప్పుడూ మూడు దగ్గులు గబగబా దగ్గేసి తలుపు తోసే మనిషి, ఆ రోజు ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ నడుమ ఊపిరి తీసుకుంటూ, లోపలివాళ్ళకు లేవడానికి వ్యవధి ఇస్తూ దగ్గాడు.

తలుపు తీస్తే దీపం వెలుగుతోంది. టీవీలో రెక్కల మనిషి పరిగెత్తుతున్నాడు. మీటల పెట్టె నేలమీద, నేను పెట్టినచోటే ఉంది. మొదటి సందు దూకాడు, పరిగెత్తాడు, రెండో సందులో ట్యాంకు అంచు అందక పడిపోయాడు.

"వాడే," అన్నాడు తాత. "అక్కడే పడతాడు."

ఆటను ఒక్కసారి కూడా చూడని మనిషి ఆ మాట అన్నాడు. ఇందాక తాను మడిచిన ఆకును ఆయనే విప్పి, తుడిచి, ఐదో ఆకు పక్కన వేశాడు. మడత పడినచోట చీలింది. అవ్వ అక్కడ కూర్చుని దానిమీద అన్నం పెట్టింది, చీలికలోంచి చారు కారకుండా చేయి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు నేను సౌండు పూర్తిగా పెంచి పెట్టె వెలిగించాను. పాట వచ్చింది, ఆగింది. మనిషి పరిగెత్తాడు, దూకాడు. చప్పుడు లేదు. ఇరవై ఒక్కసార్లు చూశాను, ఈ సంఖ్య తగ్గించినదే. అది తనంతట తాను ఆడేటప్పుడు మూగగా ఆడుతుంది. చప్పుడు రావాలంటే ఎవరో ఒకరు మీట నొక్కాలి.

అప్పటినుంచి నా దగ్గర రెండు రహస్యాలు మిగిలాయి, ఒకటి చెబితే ఇంకోటి చెప్పాలి. అది దానంతట అదే పరిగెత్తుతుందని చెబితే చిన్నాయన ఆకు పోతుంది. చప్పుడు దానంతట అది రాదని చెబితే, మరి ఎవరు నొక్కారన్న ప్రశ్నతో ఆ ఇంట్లో మేమందరం నిద్రపోవాలి. ఏదీ చెప్పలేదు. ఏటేటా పెద్దల అమావాస్యకు పెట్టె వెలిగించే పని నాదయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ చప్పుడు రాలేదు. తాత ప్రతిసారీ చాలాసేపు వినేవాడు, తర్వాత నెమ్మదిగా దగ్గేవాడు. ఆయన పోయాడు, అవ్వ పోయింది, టీవీ పోయింది. పెట్టె చెడిపోయాక కూడా దాన్ని తుడిచి ఆకు పక్కన పెడుతూనే వచ్చాం. ఇప్పుడు కొట్లో ప్లాస్టిక్కు బకెట్లు, నల్ల పూత పెనాలు. వాటిని కొడితే డబ్‌మంటాయి, అంతకుమించి చెప్పేది వాటికేమీ లేదు. నడవలో టైల్సు వేయించాం. నడిమింటి తలుపు జారుడు తలుపు అయింది. అప్పుడు ఒక మనిషి చెవి మీద ఇల్లంతా నడిచింది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ అన్నిటికీ రుజువు ఉంది, ఒకరి మాట ఒకరం నమ్మాల్సిన అవసరం తప్పిపోయింది.

ఇక నా సంగతి. హాస్యం రాసేవాడికి ఇలాంటి కథ దొరికితే ఊరుకుంటాడా. హోసూరులో స్నేహితులకు చెప్పేటప్పుడు చప్పుడు ఒకటి మూడయింది. బెంగుళూరులో ఏడయింది. ఒకచోట రెక్కల మనిషి మావైపు తిరిగి నవ్వాడు కూడా. అందరూ నవ్వారు, ఒళ్ళు జలదరించిందన్నారు, ఇంకోసారి చెప్పమన్నారు. ఎన్ని పూతలు పూశానంటే, ఒకరోజు ఒంటరిగా కూర్చుని అసలు ఏం వినిపించిందో గుర్తు చేసుకోబోతే అడుగున లోహం తగల్లేదు. తాత చెయ్యి ఎత్తడం కనిపిస్తుంది. ఆయన తల వంచడం కనిపిస్తుంది. చప్పుడు మాత్రం, అది నడవలో విన్నదా, నా నోటితో నేనే చేసి చేసి చెవికి అలవాటైనదా, తెలియదు. దెయ్యాలంటే నాకు భయం లేదు. ఈ తెలియకపోవడం మాత్రం సాయంత్రాలు నా పక్కన వచ్చి కూర్చుంటుంది.

రేవతి ఫోను తెచ్చిన ముందురోజే కృష్ణగిరి నుంచి నాయన అక్క, మా పెద్దత్త, ఫోను చేసింది. నాయన పోయి ఏడాది దాటింది, ఈసారి ఆయనకూ ఆకు వేయాలి. "దాముకి ఇంక నిలిపేయండి," అంది అత్త అమ్మతో. "అమ్మా నాయనా ఉన్నంత దినాలు పెట్టినారు, సరి. పెండ్లి కానోనికి అన్న బిడ్డలు యాల పెట్టాల? మా నాయనే మొదట్లో ఒప్పుకోలేదు." అమ్మ, "చూద్దాం వదినా," అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

అందుకే వంటింట్లో నా భుజం మీదుగా ఆ ఫోనును చూస్తూ ఆమె మళ్ళీ అడిగింది.

"ఆ పొద్దు లోపల పరిగెత్తింది ఇదేనా?"

"ఇదేనమ్మా."

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"అయితే మీ తాతను మోసం చేసినావు."

"ఏమి అవ్వా, మామ ఏం చేసినాడు?" అంది రేవతి. అమ్మ ఆమెవైపు చూడలేదు.

"పరిగెత్తింది డెమోనేమ్మా," అన్నాను. "కానీ దీనికి చప్పుడు రాదు. రేవతీ, సౌండు పెంచు." రేవతి పెంచింది. రెక్కల మనిషి దూకాడు, పడ్డాడు, మళ్ళీ నిలబడ్డాడు. వంటింట్లో పొయ్యి మీద చారు ఉడుకుతున్న సద్దు తప్ప ఏమీ లేదు. "నొక్కు," అన్నాను. రేవతి వేలితో నొక్కింది. టుంయ్‌మంది. అమ్మ ఉలిక్కిపడింది. ఆ చప్పుడు ఆమె వినడం చిన్నాయన ఆడిన రోజుల తర్వాత ఇదే మొదటిసారి.

ఆమె నెమ్మదిగా నా ఎదురుగా నేలమీద కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ పొద్దు నేను మిద్దె మీద ఉంటిని," అంది. "కాకి రాలేదు, పిలస్తా నిలబడితిని. నేను దిగేటప్పటికి ఆకు వేసేసినారు. మీ తాత విన్నాను అనె. మీ అవ్వ విన్నాను అనె. మీ నాయన్ను ఎన్ని తూర్లు అడిగినా, మా నాయన విన్నాడు గదా అనె గాని, తాను విన్నాను అని ఒక్క తూరి అనలేదు. ఇప్పుడు ముగ్గురూ లేరు. నువ్వు ఒక్కడివే ఉండావు." ఆగింది. "నీ నోట్లోకి పోయింది ఏదీ పోయినట్టు బయటికి రాదు. నాకు తెలుసు. అయినా అడుగుతా ఉండాను. వదినకు నేనేమి చెప్పాల? నీకు ఇనపడిందా?"

ఎన్నో సభల్లో ఎన్నో కథలు చెప్పాను. మా అమ్మ చూపు ముందు నాకు ఒక్క పోలిక దొరకలేదు. లేదంటే ఆకు పోతుంది. అవునంటే, అవునని నాకే తెలియదు. నేను కళ్ళు మూసుకుని ఆ నడవలోకి వెళ్ళాను. బిందెలు ఉన్నాయి. తాత వీపు ఉంది. మిద్దె మీద మా అమ్మ కాకిని పిలుస్తోంది. ఆ పిలుపు ఆగిన సందులో ఏదో ఉంది.

"ఇనపడిందమ్మా," అన్నాను.

"ఎన్ని తూర్లు?"

"ఒక్క తూరే. గట్టిగా కూడా కాదు."

రేవతి ఫోను ఆర్పేసి ఒళ్ళో పెట్టుకుంది.

"పుట్టినప్పటినుంచి నువ్వు తగ్గించి చెప్పింది ఇదొకటే," అంది అమ్మ. గోడ పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగే అంది, "అమావాస్యకు ఆకులు తొమ్మిది కోయాల. మర్సిపోయేవు."

మూడోరోజు పొద్దున పెరట్లోకి వెళ్ళి ఆకులు కోశాను. ఎనిమిది ఒకే కొలతవి దొరికాయి. నేను నిజం చెప్పానో లేదో ఈ రోజుకూ నాకు తెలియదు. తొమ్మిదోది మాత్రం ఎక్కువసేపు వెతికి, అన్నిటికంటే వెడల్పుది, ఎక్కడా చీలిక లేనిది చూసి కోశాను.